బైపీసీ పిల్లలకు దారి చెప్పేదెవరు?

పదో తరగతి పరీక్షలు పూర్తి కాకముందే ధర్మవరంలోనూ హిందూపురంలోనూ ఇళ్ల తలుపులు తట్టే మనిషి ఒకరుంటారు. కార్పొరేట్ కాలేజీ పీఆర్వో. చేతిలో రంగుల బ్రోచర్, ఫోన్‌లో పోయినేటి ర్యాంకుల ఫొటోలు. ‘‘పాపకు సైన్స్‌లో మార్కులు బాగున్నాయి కదా సార్, బైపీసీలో వేసేయండి, డాక్టర్ అయిపోతుంది’’ అంటాడు. టీ తాగి వెళ్లేలోపు అడ్వాన్సు తీసుకుంటాడు. పదిహేనేళ్ల పిల్ల రాబోయే పదేళ్లు ఏం చేయాలో ఆ అరగంటలో తేలిపోతుంది.

మూడేళ్ల తర్వాత అదే ఇంటికి ఇంకో మనిషి ఫోన్ చేస్తాడు. విదేశీ ఎంబీబీఎస్ కన్సల్టెన్సీ వాడు. నీట్‌లో పిల్ల క్వాలిఫై అయిందన్న సంగతి అతనికెలా తెలిసిందో ఎవరికీ తెలియదు. ఈ ఇద్దరి మధ్యలో పెదనాన్నలు, మేనమామలు, బెంగళూరులో ఉద్యోగం చేసే పక్కింటబ్బాయి తలా ఒక మాట చెబుతారు. అంటే మన పిల్లలకు సలహాలకేం తక్కువ లేదు. అమ్ముకోవడానికి సీటు లేని మనిషి చెప్పే సలహాకే కరువు.

వైద్య రంగంలోకి వెళ్లాలనుకునే మన పిల్లలకు ఇవాళ అన్నిటికంటే పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం. సీట్లు తక్కువన్నది నిజం, ఫీజులు ఎక్కువన్నదీ నిజమే. కానీ చేతిలో ఉన్న దారులు కూడా తెలియక పోగొట్టుకోవడం వాటికంటే బాధాకరం.

ముందు లెక్క చూద్దాం. 2025లో నీట్ యూజీ రాసినవారు 22 లక్షల పైచిలుకు. క్వాలిఫై అయినవారు 12 లక్షలకు పైనే. దేశం మొత్తమ్మీద, ప్రభుత్వ ప్రైవేటు కాలేజీలన్నీ కలిపినా ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేలకు అటూఇటూ. అంటే క్వాలిఫై అయిన పదిమందిలో ఒకరికే సీటు. అందులోనూ మధ్యతరగతి కుటుంబం ఫీజు కట్టగలిగే సీట్లు ఇంకా తక్కువ. ‘క్వాలిఫై’ అన్న మాట విని స్వీట్లు పంచిన ఇళ్లలో నెల తిరక్కముందే దిగులు కమ్ముకోవడానికి కారణం ఈ తేడా ఎవరూ చెప్పకపోవడమే. క్వాలిఫై కావడమంటే క్యూలో నిలబడే అర్హత రావడం, అంతే.

మరి మిగిలిన తొమ్మిదిమంది సంగతేమిటి? కొందరు ఆయుర్వేదానికో హోమియోకో వెళతారు. మిగిలినవారిలో చాలామందికి మన దగ్గర దొరికే జవాబు ఒక్కటే, లాంగ్‌టర్మ్. ఒకసారి, రెండోసారి, కొన్నిళ్లలో మూడోసారి కూడా. నీట్‌కు గరిష్ఠ వయసు లేదు, ఇన్నిసార్లే రాయాలన్న నిబంధనా లేదు. పరీక్ష పెట్టేవారు గీత గీయలేదు కాబట్టి ఆ గీత ఇంట్లోనే గీసుకోవాలి. మొదటిసారి మార్కులకూ కిందటేడు మన కేటగిరీలో ఆఖరి సీటు వచ్చిన మార్కులకూ ఎంత దూరం ఉంది? ఆ దూరం ఏ సబ్జెక్టు వల్ల వచ్చింది? పిల్లకు ఇంకో ఏడాది అదే పుస్తకాలతో కూర్చునే ఓపిక ఉందా? ఈ మూడూ ఎదురుగా కూర్చోబెట్టి అడిగేవారుంటే ఒక లాంగ్‌టర్మ్ చాలామందికి సబబే అనిపిస్తుంది. రెండోది ఎందుకన్న ప్రశ్న మాత్రం గట్టిగా అడగాల్సిందే. మగ్గం మీద వచ్చే కూలితోనో చిన్న కిరాణా కొట్టుతోనో నడిచే ఇంటికి ఒక ఏడాది హాస్టలు, కోచింగు ఖర్చు ఎంత బరువో ధర్మవరంలో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు.

సరిహద్దు ఊళ్ల ప్రత్యేక చిక్కు

హిందూపురం, పెనుకొండ వాళ్లకు ఇంకో చిక్కుంది. దీని గురించి మాట్లాడేవారే కనబడరు. బెంగళూరు మనకు దగ్గర. గౌరీబిదనూరు దాటితే సగం దారి వచ్చేసినట్టే. పిల్లల్ని టెన్త్ కాగానే బెంగళూరులో పీయూసీలో చేర్చడం ఇక్కడ కొత్తేమీ కాదు. కాలేజీలు బాగుంటాయి, చుట్టాలుంటారు, వారానికోసారి చూసి రావచ్చు. అన్నీ బాగానే ఉంటాయి. కౌన్సెలింగ్ నాటికి బయటపడేది స్థానికత.

మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకే. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మనది శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాంతం. ఇక్కడ స్థానికత అంటే ఆధార్‌లో ఉన్న చిరునామా కాదు. ప్రధానంగా చదివిన చోటు. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది మొదట చూస్తారు. అలా తేలకపోతే వరుసగా ఏడేళ్లు రాష్ట్రంలో చదివారా, అందులో ఎక్కువ కాలం ఏ ప్రాంతంలో చదివారు అని చూస్తారు. అందుకే టెన్త్ దాకా హిందూపురంలో చదివి ఇంటర్‌కు విజయవాడ వెళ్లిన పిల్లకు సాధారణంగా ఇబ్బంది రాదు, ఏడేళ్ల లెక్క కాపాడుతుంది. బెంగళూరు వెళ్లిన పిల్లకు ఆ లెక్క తెగిపోతుంది. తల్లిదండ్రులు పదేళ్లుగా రాష్ట్రంలో ఉన్నారన్న ఆధారంతో మిగిలిన 15 శాతం సీట్లకు అందరితో పాటు పోటీ పడాల్సిందే.

పోనీ కర్ణాటకలో సీటు వస్తుందా అంటే, అక్కడ ప్రధాన నిబంధన కనీసం ఏడేళ్లు కర్ణాటకలో చదివి ఉండాలని, పైగా ఎస్సెస్సెల్సీ గానీ రెండో పీయూసీ గానీ అక్కడే పాసై ఉండాలని. రెండేళ్ల పీయూసీతో అది తీరదు. మినహాయింపు క్లాజులు కొన్ని ఉన్నాయి, అవి అందరికీ వర్తించవు. అంటే పిల్ల ఇటూ కాక అటూ కాక పోయే ప్రమాదం ఉంది. ఇక్కడ పిల్ల తెలివితేటల్లో లోపం లేదు, కష్టంలో లోపం లేదు. అడ్మిషన్ తీసుకునే ముందు ‘స్థానికత ఏమవుతుంది?’ అని అడగమని చెప్పే మనిషి లేకపోవడమే లోపం. నిబంధనల్లో మార్పులు వస్తుంటాయి కాబట్టి విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఆ ఏడాది ఇచ్చిన ప్రకటన చదువుకోవడం తప్పనిసరి. చదివి చెప్పేవారు ఊరికి ఒక్కరున్నా ఎన్నో ఇళ్లకు మేలు.

ఊళ్లో కాలేజీ వస్తే సరిపోతుందా?

పెనుకొండలో మెడికల్ కాలేజీ గురించి కొన్నేళ్లుగా మాట్లాడుకుంటూనే ఉన్నాం. రాష్ట్రంలో తలపెట్టిన 17 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో అదొకటి. ఇప్పుడు ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలనుకున్న పదింటి జాబితాలో చేరింది. దాని మీద రాజకీయంగా వాదోపవాదాలు నడుస్తున్నాయి. ఆ వాదన ఈ పేజీది కాదు గానీ, ఒక అపోహ తీరాలి. పెనుకొండలో కాలేజీ వచ్చినంత మాత్రాన పెనుకొండ పిల్లకు సీటు రాదు. సీట్లు నింపేది నీట్ ర్యాంకుతో, ఎస్వీయూ ప్రాంతం మొత్తం లెక్కతో. నెల్లూరు పిల్ల, చిత్తూరు పిల్ల అదే వరుసలో ఉంటారు. అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2000 నుంచి నడుస్తోంది, అక్కడా ఇదే పద్ధతి. ‘ప్రభుత్వ కాలేజీ’ అనగానే తక్కువ ఫీజు అనుకోవడానికీ లేదు. 2023లో మొదలైన కొత్త ప్రభుత్వ కాలేజీల్లో సాధారణ సీటుకు ఏడాదికి రూ.15 వేలైతే, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు రూ.12 లక్షలు, ఎన్నారై కోటాకు రూ.20 లక్షలు అన్నారు. ఒకే తరగతి గదిలో మూడు ఫీజులు.

పెద్దాసుపత్రి వస్తే ఊరికి కచ్చితంగా వచ్చేది ఇంకొకటుంది. వందలకొద్దీ ఉద్యోగాలు. వాటిలో డాక్టర్లవి కొన్నే. మిగతావి నర్సులవి, ల్యాబ్ టెక్నీషియన్లవి, రేడియోగ్రాఫర్లవి, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్, అనస్థీషియా టెక్నీషియన్లవి, ఫార్మసిస్టులవి, ఫిజియోథెరపిస్టులవి. ఆ ఉద్యోగాలకు మన పిల్లలు తయారై ఉంటారా, లేక అప్పుడు కూడా నాలుగో లాంగ్‌టర్మ్‌లో ఉంటారా?

చూడ్డానికి పెనుకొండ కాలేజీ కట్టేదాకా ఆగక్కర్లేదు. పుట్టపర్తి ప్రశాంతిగ్రామంలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నుంచి ఉంది. ధర్మవరం పక్కనే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. హిందూపురంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఈ మూడు ఊళ్ల బైపీసీ పిల్లల్లో ఎంతమంది రోగిగానో, రోగి బంధువుగానో కాకుండా అక్కడ అడుగుపెట్టారు? ఒక్కరోజు తీసుకెళ్లి, డయాలసిస్ యూనిట్‌లో మెషిన్ దగ్గర నిలబడే మనిషి ఏం చదివాడో, ఎంత జీతమొస్తుందో, రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో అడగనిస్తే, పది బ్రోచర్లు చెప్పని సంగతి తెలుస్తుంది. రక్తం చూసి కళ్లు తిరిగే పిల్ల కూడా ఆ రోజే తెలుసుకుంటుంది, ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో కాదు. మన కాలేజీలు పిల్లల్ని లేపాక్షికి విహారయాత్ర తీసుకెళతాయి, మంచిదే. అదే బస్సును ఇంకోరోజు బత్తలపల్లికి తిప్పడానికి ఏం అడ్డు?

‘నర్సింగా?’ అనేముందు

మధ్యతరగతి ఇళ్లలో ఒక మాట వినబడుతుంటుంది. ‘‘ఇంత ఖర్చు పెట్టి నర్సింగా?’’ ఈ మాట వెనక ఉన్నది ఖర్చు కాదు, పరువు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్‌తో పాసై ఉండాలి. మన ఊరి హెల్త్ క్లినిక్‌లో బీపీ చూసి, మందులిచ్చి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపే ఎంఎల్‌హెచ్‌పీ బీఎస్సీ నర్సింగ్ చదివినవారే. జర్మనీకి నర్సుల్ని కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా పంపుతోంది, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా పంపుతోంది. కేరళ తల్లిదండ్రులు ఈ లెక్క ఎప్పుడో వేసుకున్నారు. మనవాళ్లు ఇంకా చుట్టాలేమనుకుంటారో అన్న దగ్గరే ఉన్నారు. మూడేళ్ల జీఎన్‌ఎం కోర్సులో చేరడానికి బైపీసీయే చదివి ఉండాలన్న నియమం లేదని, ఇతర గ్రూపుల వారూ అర్హులేనని తెలిసినవారు మన దగ్గర ఎంతమంది?

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. బీఫార్మసీకి ఎంపీసీ పిల్లలూ అర్హులే. అనంతపురం జేఎన్టీయూ కింద ఫార్మసీ నడుపుతున్న ఓటీపీఆర్ఐ ఒకప్పుడు నూనెల పరిశోధనకు పుట్టిన సంస్థ. వేరుశనగ సీమలో మందుల చదువు అలా మొలిచింది. తిరుపతి స్విమ్స్‌లో నర్సింగ్, ఫిజియోథెరపీతో పాటు పారామెడికల్ డిగ్రీ కోర్సులున్నాయి. మాట, వినికిడి సమస్యలకు చికిత్స చేసే చదువు కావాలంటే మైసూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆయిష్ ఉంది. కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రీ చదువుకు హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థకు మంచి పేరుంది. హిందూపురంలోనో ధర్మవరంలోనో బీఎస్సీ లైఫ్ సైన్సెస్‌లో చేరిపోయిన పిల్లకూ తలుపులు మూసుకుపోలేదు. ఏ డిగ్రీ తర్వాతైనా ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేయొచ్చు, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చేయొచ్చు. ఎంపీసీ చదివాక మనసు మారినవారికీ దారి ఉంది. ఇంటర్ తర్వాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి పాసైనవారు నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో చెప్పింది.

అయితే ఈ కోర్సుల్లోనూ మోసాలున్నాయి, అందుకే అడగాలి. ఆరు నెలల్లో ఓటీ టెక్నీషియన్, ఏడాదిలో ల్యాబ్ టెక్నీషియన్ అని బస్టాండు గోడల మీద కాగితాలు అంటిస్తుంటారు. 2021లో వచ్చిన చట్టంతో ఈ అనుబంధ వైద్య వృత్తులకు జాతీయ కమిషన్ ఏర్పడింది. రిజిస్ట్రేషన్ లేని సర్టిఫికెట్‌కు విలువ ఇకమీదట ఇంకా తగ్గుతుంది. నర్సింగ్ కాలేజీ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, సొంత ఆసుపత్రి ఉందా, అందులో నిజంగా రోగులుంటారా అని చూడాలి. బోర్డులో వంద పడకలని రాసి వార్డు ఖాళీగా ఉంటే అక్కడ పిల్ల నేర్చుకునేదేమీ ఉండదు. సైకాలజీ, న్యూట్రిషన్ లాంటివి దూరవిద్యలో చేసేద్దామనుకునేవారు యూజీసీ 2025లో ఆ తరహా కోర్సులను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ ఆపేయమన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక విదేశీ ఎంబీబీఎస్. అది తప్పని అనను. కానీ జార్జియా, కిర్గిజిస్తాన్ ఫొటోలు చూపించే ఏజెంటు నోట రాని ప్రశ్నలు కొన్నున్నాయి. 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లో బోధించాలి, అదే విదేశీ సంస్థలో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో డాక్టరుగా ప్రాక్టీసు చేయడానికి కూడా అర్హత రావాలి. ఇవన్నీ అయ్యాక ఇక్కడ 300 మార్కుల పరీక్షలో 150 తెచ్చుకోవాలి. ఎన్నో విడతల్లో ఆ పరీక్ష రాసినవారిలో మూడో వంతు కూడా గట్టెక్కలేదు. ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఈ నాలుగు ముక్కలు ఏజెంటు కాని మనిషి నోటి నుంచి వినడం తల్లిదండ్రుల హక్కు.

కోర్టు చెప్పింది, మనం అడగాలి

అమెరికాలో ఉన్న చుట్టాల పిల్లల్ని అడగండి. అక్కడ డాక్టర్ చదువు డిగ్రీ తర్వాతే మొదలవుతుంది. డిగ్రీ చదివే నాలుగేళ్లూ ఏ సబ్జెక్టులు తీసుకోవాలి, ఆసుపత్రిలో ఎక్కడ వాలంటీరుగా చేరాలి, డాక్టర్ కాకపోతే ఇంకేమున్నాయి అని చెప్పడానికి చాలా కాలేజీల్లో ప్రత్యేకంగా సలహాదారులుంటారు. అలాంటివారికి 1974 నుంచి జాతీయ స్థాయి సంఘమే ఉంది. ఇరవై ఏళ్లు నిండినవారికే అంత తోడు అవసరమైతే, పదిహేనేళ్లకే గ్రూపు ఎంచుకునే మన పిల్లలకు ఇంకెంత కావాలి?

మన దేశంలోనూ ఆ మాట సుప్రీంకోర్టు నోటే వచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జూలై 25న తీర్పిస్తూ కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒకరుండాలంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దంది. పిల్లలకే కాదు, తల్లిదండ్రులకు కూడా క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ ఇవ్వాలని కూడా చెప్పింది. కోచింగ్ సెంటర్లకూ ఇవి వర్తిస్తాయి. మన ఊళ్లలో ఫీజు కట్టేటప్పుడు హాస్టల్ మెనూ అడుగుతాం, ఏసీ ఉందా అని అడుగుతాం. ‘మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, మా పాప నెలకెన్నిసార్లు కలవొచ్చు?’ అని అడిగేవారు ఎంతమంది?

ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో పూర్తికాలపు కౌన్సెలర్‌ను రేపే నియమిస్తారని ఆశపడటం అత్యాశే. అయినా తక్కువ ఖర్చుతో చేయగలిగేది ఉంది. మూడు ఊళ్లకూ కలిపి ఒక సలహా కేంద్రం పెట్టొచ్చు. ఒక బయాలజీ లెక్చరర్‌కు ఆ బాధ్యత అప్పగించి, వారానికి రెండు పూటలు పాఠాల నుంచి వెసులుబాటు ఇవ్వాలి. రిటైరైన నర్సింగ్ సూపరింటెండెంట్లు, ఫార్మసిస్టులు, డాక్టర్లు మన ఊళ్లలో ఉన్నారు, పిలిస్తే వస్తారు. జూన్‌లో ఇంటర్‌లో చేరేముందు ఒకసారి, రెండో ఏడాది సంక్రాంతి సెలవుల్లో ఒకసారి, నీట్ ఫలితాలు వచ్చిన వారంలో ఒకసారి పిల్లనూ తల్లిదండ్రులనూ కలిపి కూర్చోబెట్టాలి. మూడోదే అన్నిటికంటే ముఖ్యం. ఆ వారంలోనే ఇళ్లలో మాటలు పడతాయి, ఆ వారంలోనే ఏజెంట్ల ఫోన్లు మోగుతాయి. ఈ కేంద్రానికి ఒకే షరతు. ఏ కాలేజీ నుంచీ, ఏ కన్సల్టెన్సీ నుంచీ రూపాయి తీసుకోకూడదు.

పిల్ల అన్నం సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, ‘నావల్ల కాదు’ అని పదేపదే అంటున్నా దాన్ని బద్ధకం అనుకోకండి. టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. తల్లిదండ్రులూ చేయొచ్చు.

ఈ ఏడాది మీ ఇంట్లో టెన్త్ పిల్లలుంటే పీఆర్వో వచ్చినప్పుడు టీ ఇవ్వండి, మాట వినండి. అడ్వాన్సు మాత్రం ఆ పూట ఇవ్వకండి. బ్రోచర్ వెనకవైపు ఖాళీ చోటులో మూడు ప్రశ్నలు రాసుకోండి. స్థానికత ఏమవుతుంది? కిందటేడు మీ కాలేజీ నుంచి నీట్ రాసినవారు మొత్తం ఎంతమంది, సీటు వచ్చినవారు ఎంతమంది? సీటు రాని పిల్లలు ఇప్పుడు ఏం చదువుతున్నారు? మూడో ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ఆగండి.